చూరు వెంట దక్షిణాది: తిరువనంతపురం నుంచి భీమిలి దాకా

ఇల్లు కట్టించేవాళ్లు ఎలివేషన్ బొమ్మను గంటసేపు చూస్తారు. చూరు ఎన్ని అంగుళాలు బయటికి రావాలన్నది మాత్రం మేస్త్రీకి వదిలేస్తారు. మేస్త్రీ అందరికీ వేసినట్టే అడుగున్నర సన్‌షేడ్ వేసి పోతాడు. తిరువనంతపురంలో అదే, తాడిపత్రిలో అదే, భీమిలిలోనూ అదే. ఈ మూడు చోట్ల ఎండా వానా గాలీ ఒక్కటి కావని కళ్లారా చూడాలంటే జూన్ మొదటి వారం మంచి అదను. కేరళలో నైరుతి దిగి ఉంటుంది. తమిళనాడు, రాయలసీమ ఇంకా ఉడుకుతుంటాయి. ఉత్తరాంధ్ర తీరంలో ఒళ్లంతా చెమటే. సంచిలో ఐదు మీటర్ల టేపు, ఒక అగరుబత్తుల కట్ట, ఫోన్లో దిక్సూచి చాలు. గుమ్మం దగ్గర అగరుబత్తి పట్టుకుంటే గదిలోకి గాలి ఎటు వస్తోందో, అసలు వస్తోందో లేదో పొగే చెబుతుంది. చెక్క కట్టడాల్లో మాత్రం దారం ముక్కతో సరిపెట్టుకోవాలి.

మొదటి రోజు: తిరువనంతపురం

తంపానూరు రైల్వే స్టేషన్‌కు నడిచేంత దూరంలో ఇండియన్ కాఫీ హౌస్ ఉంది. తక్కువ ఖర్చు కట్టడాలకు పేరుపడ్డ వాస్తుశిల్పి లారీ బేకర్ (1917–2007) కట్టిన ఎర్ర ఇటుకల గుండ్రటి భవనం. లోపల విడివిడి అంతస్తులు లేవు. నేల ఒకే వాలుగా మెలితిరుగుతూ పైకి పోతుంది. బల్లలూ అరుగులూ గోడ వెంట కట్టేసినవే. బయటి గోడ నిండా కంతలు. బయట వాన దంచుతున్నా లోపల లైటు అక్కర్లేనంత వెలుతురు ఉంటుంది, కళ్లు మాత్రం చెదరవు. ఒక పెద్ద కిటికీ నుంచి వచ్చే వెలుగు ఒక్క చోట పడి మిగతా గదిని చీకటిగా చూపిస్తుంది. అదే వెలుగును వందల కంతలుగా పంచితే గదంతా సమంగా పరుచుకుంటుంది.

ఇలా కంతలు వదిలి కట్టే ఇటుక జాలీకి ఖర్చు తక్కువ. కిటికీకి చెక్క, గ్రిల్లు, అద్దం, రంగు కావాలి. జాలీకి కొన్ని ఇటుకలు మానేస్తే చాలు. అయితే కొన్ని జాగ్రత్తలున్నాయి. గది మూలల్లో కనీసం రెండడుగులు గట్టి గోడ వదలాలి. దూలం బరువు దిగే చోట కంతలు పెట్టకూడదు. కంత అడుగు భాగం బయటికి వాలుగా పూయకపోతే పడ్డ ప్రతి చినుకూ లోపలికే జారుతుంది. దోమల మెష్‌ను జాలీకి సిమెంటుతో అతికించేస్తే ఏడాదికల్లా దుమ్ము పట్టి గాలి ఆగిపోతుంది. మెష్‌కు విడిగా ఫ్రేము కట్టి, తీసి కడుక్కునేలా పెట్టాలి. ఇక నైరుతి వాన కొట్టే గోడకు జాలీ పెడితే పైన లోతైన చూరు తప్పదు.

మధ్యాహ్నం ఉళ్లూరులోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్. బేకర్ 1970ల్లో కట్టిన ఆవరణ ఇది, ముందే అనుమతి తీసుకోవాలి. కొండవాలును చదును చేయకుండా, చెట్టు అడ్డొచ్చిన చోట గోడనే వంచారు. ఇక్కడ ఓపిగ్గా చూడాల్సినవి రెండున్నాయి. ఒకటి ర్యాట్ ట్రాప్ బాండ్ గోడ. ఇటుకల్ని పడుకోబెట్టకుండా మూడంగుళాల అంచు మీద నిలబెట్టి కడతారు. తొమ్మిదంగుళాల గోడలో అటొక ఇటుక, ఇటొక ఇటుక పోను మధ్యలో మూడంగుళాల ఖాళీ మిగులుతుంది. రెండు పొరలనూ పట్టి ఉంచడానికి మధ్యమధ్య అడ్డంగా ఒక ఇటుక. మామూలు గోడతో పోలిస్తే ఇటుకల్లో నాలుగో వంతు మిగులుతుంది, ఆ ఖాళీలోని గాలి వేడిని కొంత ఆపుతుంది. బేస్‌మెంట్ మీది మొదటి వరస, కిటికీ కింద, లింటెల్ కింద, స్లాబు కింద మాత్రం ఇటుక పడుకోబెట్టి గట్టి వరస వేయాలి.

ఈ గోడ చెడేది చాలావరకు తాపీ దగ్గరే. అలవాటు లేని చెయ్యి మాలు ఎక్కువ వేస్తే అది ఖాళీలోకి జారి గడ్డకడుతుంది. మిగలాల్సిన సిమెంటు అక్కడ పోతుంది, ఆ గడ్డ మీదుగా వేడీ లోపలికి దిగుతుంది. అంగుళం మందం పట్టీని ఖాళీ మీద పెట్టి, వరస పూర్తయ్యాక జరుపుకుంటూ పోతే ఆ బాధ లేదు. తరవాతి ముప్పు ఎలక్ట్రీషియన్. గోడ పూర్తయ్యాక పైపు కోసం గాడి కొడితే మూడంగుళాల పొర పగిలిపోతుంది. పైపులు కట్టేటప్పుడే ఖాళీలో దించాలి, అంటే స్విచ్చులు ఎక్కడో పునాది రోజుల్లోనే తేలాలి. చాలామంది ఆ పని చేయలేకే ఈ గోడను వదులుకుంటున్నారు.

రెండోది ఫిల్లర్ స్లాబు. స్లాబులో అడుగు సగం కాంక్రీటు లాగుడును మోయదు, ఆ పని ఇనుముది. కాబట్టి ఆ భాగంలో చువ్వల గడుల మధ్య రెండేసి బెంగుళూరు పెంకుల్ని ఒకదానిపై ఒకటి పెట్టి కాంక్రీటు తగ్గిస్తారు. పెంకుల్ని ముందు నీళ్లలో నానబెట్టాలి. పొడి పెంకు కాంక్రీటులో నీటిని పీల్చేసుకుంటుంది, చుట్టూ గుల్ల మిగులుతుంది. గోడల పక్క, దూలాల పక్క, బయటికి వేలాడే సజ్జల్లో పెంకు పెట్టకూడదు. కాంక్రీటు పోసేటప్పుడు కూలీలు పెంకుల మీద కాకుండా పలకల మీద నడవాలి. చువ్వల లెక్క ఇంజనీరే చూడాలి.

రెండో రోజు: పద్మనాభపురం

నాగర్‌కోయిల్ వైపు బస్సెక్కి తక్కల దగ్గర దిగితే రాజభవనం దగ్గరే. ఉన్నది తమిళనాడులో, చూసుకునేది కేరళ ప్రభుత్వం. సోమవారం సెలవు. తిరువాంకూరు రాజధాని 18వ శతాబ్దం చివర తిరువనంతపురానికి మారేదాకా ఇదే రాజుల నివాసం.

మంత్రశాల, అంటే రాజు కొలువు తీరే గది, కిటికీల ముందు ఆగాలి. చెక్క పట్టీలను దగ్గరదగ్గరగా, వాలుగా బిగించిన కిటికీలవి. నిలబడిన మనిషికి ఆకాశం కనిపించదు, కింద ఉన్న ముంగిలి కనిపిస్తుంది. ఆకాశపు తెల్లటి కాంతి రాదు, గాలి వస్తుంది, వాన రాదు. పైకప్పు కొసల్లో చెక్కిన త్రికోణపు తలుపుల్లాంటివి అలంకారం అనుకుంటే పొరపాటు. పెంకుల కింద పోగైన వేడి గాలి బయటికి పోయేది అక్కడి నుంచే. ఇప్పటి పెంకుటిళ్లలో ఆ కొసల్ని ఇటుకతో మూసేసి, కింద జిప్సం సీలింగు కొట్టి, ఆపైన ఏసీ పెడుతున్నారు.

ఇక్కడ చూరు లెక్క టేపుతో కట్టుకోవచ్చు. గాలివానలో చినుకు నిలువుకు 30 డిగ్రీలు వంగి పడుతోందనుకుందాం. చూరు 90 సెంటీమీటర్లు బయటికి వస్తే దాని కింద సుమారు 155 సెంటీమీటర్ల గోడ తడవదు. చూరు నేలకు 220 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే అడుగున 65 సెంటీమీటర్లే తడుస్తుంది; ఆ ముక్క రాయి గానీ గట్టి ఇటుక గానీ అయితే చాలు. అదే 90 సెంటీమీటర్ల చూరును 330 ఎత్తుకు లేపితే 175 సెంటీమీటర్ల గోడ తడుస్తుంది. చూరు పొడుగొక్కటే చూసి ఎత్తు మరిచిపోయే డ్రాయింగులు చాలా ఉన్నాయి. "సీలింగు ఎత్తుగా ఉంటే చల్లన" అనే మాట వానల దేశంలో గోడకు చేటు. కేరళ పాత ఇళ్లలో తల వంచి చూరు కిందికి వెళ్లి, లోపల ఎత్తైన కప్పు కింద నిటారుగా నిలబడతాం. ఎత్తు కావాల్సింది లోపల, అంచు దగ్గర కాదు.

ఇంకొకటి: తిరువనంతపురం ఎనిమిదిన్నర డిగ్రీల అక్షాంశం మీద ఉంది. జూన్‌లో మధ్యాహ్నపు సూర్యుడు అక్కడ ఉత్తరం వైపు నుంచి 75 డిగ్రీల ఎత్తున కనిపిస్తాడు. "ఉత్తరపు కిటికీకి సన్‌షేడ్ అక్కర్లేదు" అన్న సూత్రం ఎక్కడో పై అక్షాంశాల పుస్తకాల్లోది. దక్షిణాదిలో నాలుగు వైపులా చూరు కావాలి.

మూడో రోజు: కారైక్కుడి, కానాడుకాత్తాన్

మధురై మీదుగా దాదాపు పూట ప్రయాణం. నేల రంగు మారుతుంది, గాలిలో తేమ తగ్గుతుంది. చెట్టినాడు ఇళ్లు ఒక వీధిలో మొదలై వెనక వీధిలో ముగుస్తాయి. వీధి అరుగు, తరవాత పెద్ద చావడి, నడిమి ముంగిలి, దాని వెనక ఇంకొకటి, చివర వంట ముంగిలి. గుమ్మాలన్నీ ఒకే గీతలో ఉంటాయి కాబట్టి వీధి తలుపు దగ్గర నిలబడితే వెనక వీధి కనిపిస్తుంది. గాలికీ అదే దారి. అరుగు దాకా ఎవరైనా రావచ్చు, చావడి దాకా పనున్నవాళ్లు, ముంగిలి దాకా చుట్టాలు. ఎండ తీవ్రత, మనుషుల దగ్గరితనం రెండూ ఒకే వరసలో మెట్టుమెట్టుగా మారడం ఈ పటంలోని తెలివి. గోదావరి జిల్లాల మండువా లోగిలి తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

ముంగిలి రాత్రి పని చేస్తుంది. పెంకులూ నేలా తమ వేడిని ఆకాశానికి వదిలి చల్లబడతాయి, చల్లటి గాలి బరువుగా లోపలికి దిగుతుంది. పొద్దున తొమ్మిదికల్లా బయటి కిటికీలు మూసేస్తే ఆ చల్లదనం మధ్యాహ్నం దాకా నిలుస్తుంది. ముంగిలి వెడల్పు చుట్టూ ఉన్న చూరు ఎత్తుకు రెట్టింపు ఉంటే రోజంతా ఎండే. ఎత్తూ వెడల్పూ దాదాపు సమంగా ఉంటే నడినెత్తిన సూర్యుడున్న వేళ మాత్రమే నేల కాగుతుంది.

ముంగిలి చుట్టూ ఉన్న కప్పులు కారేది నాలుగు మూలల్లో. రెండు వాలులు కలిసే మూలవాసం మీద నీళ్లన్నీ చేరతాయి. అక్కడ పెంకు కింద రేకు కనీసం అడుగు వెడల్పున రెండు వైపులా పోవాలి. ముంగిలి నేల చుట్టూ వసారా కంటే ఆరేడు అంగుళాలు పల్లంగా ఉండాలి. నీరు పోయే తూము ఒక్కటే ఉంటే ఆకులు పడి మూసుకుపోయిన రాత్రి చావడిలోకి నీళ్లొస్తాయి; ఎదురు మూలల్లో రెండుండాలి. దొంగల భయమో కోతుల బాధో పడలేక ముంగిలి మీద పాలీకార్బనేట్ షీటు వేసేవాళ్లు ఇప్పుడు ఎక్కువ. షీటును కప్పుకు ఆనించి వేస్తే ఎండ లోపలికి వస్తుంది, వేడి బయటికి పోదు. పెంకుల కంటే కనీసం అడుగున్నర పైకి లేపి, నాలుగు పక్కలా మెష్‌తో వదిలితే కొంత మేలు.

సాయంత్రం ఆత్తంగుడిలో పలకలు పోసే చోటు చూడొచ్చు. అద్దం ముక్క తుడిచి, దాని మీద ఇనుప చట్రం, అందులో పువ్వు ఆకారపు రేకు అచ్చు పెడతారు. గడిగడిలో గరిటెతో రంగు సిమెంటు నీళ్లు పోస్తారు. చెయ్యి వణక్కుండా అచ్చు పైకి లాగేస్తారు. రంగులు కలవకముందే పొడి సిమెంటు ఇసుక చల్లుతారు, అది తడిని పీల్చుకుంటుంది. ఆపైన తడి మాలు నింపి గట్టిగా అదిమి అంచు గీకుతారు. ఆరాక నీళ్ల తొట్టిలో కొన్ని రోజులు నానబెడతారు. అద్దం ఊడి వచ్చినప్పుడు పలక మీద మిగిలేది ఆ అద్దపు నునుపే, పాలిష్ ఏమీ లేదు, బట్టీ కూడా లేదు. బాత్రూం యాసిడ్ పోసి కడిగితే మాత్రం పైపొర తినేస్తుంది. నిమ్మరసం మరక కూడా పోదు.

నాలుగో రోజు: పుదుచ్చేరి

రాత్రి బస్సు. పొద్దున్నే తేమ మళ్లీ ఒంటికి అంటుకుంటుంది. అరవింద ఆశ్రమం వారి గోల్కొండ్ వసతి గృహం లోపలికి వెళ్లాలంటే అనుమతి కావాలి, ఫొటోలు తీయబోతే ముందే అడగాలి. ఆంటొనిన్ రేమండ్ రూపకల్పన, పని దగ్గర జార్జ్ నకషిమా, ఫ్రాంటిషెక్ సామ్మర్ ఉన్నారు. 1930ల చివర్లో మొదలై 1940ల్లో పూర్తయింది. హైదరాబాదు దివాను సర్ అక్బర్ హైదరీ ద్వారా నిజాం ప్రభుత్వం లక్ష రూపాయలిచ్చింది, ఆ పేరు అందుకే.

కాంక్రీటు భవనానికి చూరు ఎలా ఉండాలో ఇక్కడ తెలుస్తుంది. ఉత్తరం, దక్షిణం రెండు ముఖాలకూ నేల నుంచి కప్పు దాకా అడ్డపట్టీల తెరలే, అద్దం లేదు. మీట తిప్పితే వరస వరసగా పట్టీలు వాలతాయి. అంటే గోడంతా చిన్న చిన్న చూరులు. గదులు ఒకే వరస. ఉత్తరం వైపు నడవ, గదికీ నడవకూ మధ్య సందులున్న టేకు చెక్కల జారుడు తలుపులు. తలుపు వేసుకున్నా గాలి ఆగదు. గదికి రెండు వైపులా బయటి గాలి తగలడం వసతి గృహాల్లో అరుదు. నడిమి నడవకు అటూ ఇటూ గదులు పెడితే ఖర్చు కలిసొస్తుందని అందరూ అదే కడతారు. అప్పుడు తలుపు మూస్తే గాలికి దారే లేదు, ఫ్యాను వేడి గాలినే తిప్పుతుంది. కప్పు కూడా రెండు పొరలు: కింద స్లాబు, పైన వంపు తిరిగిన కాంక్రీటు పెంకులు, మధ్యలో గాలి.

ఆ పట్టీలు ఆనాటి ఆస్‌బెస్టాస్ సిమెంటువి. ఇప్పుడు ఆ సరుకు వాడకూడదు, పాతవి కోయకూడదు. దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. చెక్క, అల్యూమినియం, ఫెర్రోసిమెంటు పనికొస్తాయి. మూసినప్పుడు పట్టీ మీద పట్టీ సెంటీమీటరు, సెంటీమీటరున్నర ఎక్కాలి, లేకపోతే గాలివాన లోపలికి కొడుతుంది. ఉప్పు గాలికి ఇనుప ఇరుసులు పట్టేస్తాయి, ఇత్తడివి గానీ స్టెయిన్‌లెస్ స్టీలువి గానీ వేయాలి.

ఐదో రోజు: ఆరోవిల్

1992లో పూర్తయిన విజిటర్స్ సెంటర్‌కు పేదల వాస్తుకళకు ఇచ్చే హసన్ ఫతీ అవార్డు వచ్చింది. గోడలు, కమానులు, గుమ్మటాలు సిమెంటు కలిపి నొక్కిన మట్టి దిమ్మెలవి. ఆరోవిల్ ఎర్త్ ఇన్‌స్టిట్యూట్‌లో ఈ పని చూసి నేర్చుకోవచ్చు.

పద్ధతి చెప్పుకుంటే సులువే. పై అడుగు లోతు మట్టి తీసేయాలి, అందులో వేళ్లూ కుళ్లిన ఆకూ ఉంటాయి. కింది మట్టిని జల్లించాలి. సీసాలో పావు వంతు మట్టి, నిండా నీళ్లు పోసి కుదిపి వదిలేస్తే ఇసుక ముందు దిగుతుంది, తరవాత ఒండ్రు, పైన బంకమట్టి. నూటికి ఇసుక 50, బంక 20, ఒండ్రు 15, సన్న గులక 15 దగ్గర్లో ఉంటే సిమెంటుకు బాగా ఒదుగుతుంది. బంక ఎక్కువైతే ఇసుక కలపాలి. నల్లరేగడి దీనికి పనికిరాదు. ఆరితే బీటలు, తడిస్తే ఉబ్బు. సిమెంటు బరువులో 5 శాతం. 24 × 24 × 9 సెంటీమీటర్ల దిమ్మె దాదాపు పది కిలోలు తూగుతుంది, అంటే ఒక 50 కిలోల బస్తాకు సుమారు వంద దిమ్మెలు.

తడి ఎంతో చేతితోనే తేల్చాలి. పిడికెడు నొక్కి ఉండ చేసి నడుం ఎత్తు నుంచి వదలాలి. నాలుగైదు ముక్కలైతే సరి. పొడిగా రాలితే నీళ్లు చాలలేదు, ముద్దగా అతుక్కుంటే ఎక్కువైంది. నీళ్లు కలిపాక అరగంటలో నొక్కడం అయిపోవాలి. పొద్దున పెద్ద రాశి కలుపుకుని మధ్యాహ్నం దాకా వాడుకునే చోట దిమ్మెలు చూడ్డానికి బాగానే ఉంటాయి, మొదటి వానకు అంచులు రాలతాయి. తీసిన దిమ్మెల్ని రెండు రోజులు ప్లాస్టిక్ షీటు కింద ఉంచి, ఆపైన నాలుగు వారాలు తడుపుతూనే ఉండాలి. డబ్బు మిగల్చాలని మొదట కోసేది ఈ తడుపునే.

ఒక్క మాట కుండబద్దలు కొట్టాలి. మట్టి గోడ చల్లన అన్నది అన్ని చోట్లా నిజం కాదు. తీరంలో పగటికీ రాత్రికీ వేడి తేడా తక్కువ. లావు గోడ పగలంతా తాగిన వేడిని రాత్రి పడక గదిలోకి వదులుతుంది. పగలు వాడే బడికి, ఆఫీసుకు అది మేలే. పడక గదికి మాత్రం పల్చటి గోడ, రెండు వైపులా కిటికీలు, మంచం ఎత్తులో అంటే రెండడుగుల దగ్గరే మొదలయ్యే కిటికీ గట్టు కావాలి.

ఆరో రోజు: తాడిపత్రి చుట్టుపక్కల పల్లెలు

చెన్నై, రేణిగుంట, కడప మీదుగా రైలు. అనంతపురం వైపు ఏడాది వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. ఇక్కడి పాత మిద్దెకు చూరే లేదు. వాన గోడను తడిపే రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు కాబట్టి చూరు ఖర్చు దండగ. ఆ ఖర్చంతా గోడలోకి పోయింది: రెండడుగుల రాతి గోడ, మట్టి మాలు. మధ్యాహ్నపు వేడి గోడ దాటి లోపలికి వచ్చేసరికి రాత్రి అవుతుంది, అప్పటికి జనం మిద్దె మీద పడుకుని ఉంటారు. మనిషే ఇంట్లో చోటు మారడం ఈ ఇంటి పథకంలో భాగం. పైన మంచాలకు చోటు, పిట్టగోడ, మెట్లు లేకుండా ఇదే ఇల్లు కడితే సగం ఇల్లే కట్టినట్టు.

కప్పు సంగతి. దూలాల మీద దంతెలు, వాటి మీద సన్న కట్టెలో నాపరాళ్లో, ఆపైన మట్టి, పైపొర చౌడు మట్టి. చౌడులో సోడియం ఎక్కువ. తడవగానే బంక రేణువులు విడిపోయి సందుల్ని పూడ్చేస్తాయి, నీరు కిందికి దిగదు. పంటకు పనికిరాని మట్టి కప్పుకు పనికొచ్చింది. వెలుతురు గవాచి నుంచి, అంటే కప్పులో వదిలిన కంత నుంచి వస్తుంది, వానొస్తే దాని మీద బండ మూసేస్తారు.

ఈ మిద్దెలు కూలేది ఎందుకో లెక్క చూస్తే తెలుస్తుంది. ఇరవై సెంటీమీటర్ల మట్టి చదరపు మీటరుకు సుమారు 340 కిలోలు. ప్రతి ఏడూ వానల ముందు పాతది గీకకుండా కొత్త చౌడు తట్టలు పోస్తే పదిహేనేళ్లలో మందం రెట్టింపవుతుంది, ముసురు పట్టి నానితే ఇంకా పెరుగుతుంది. గోడలో దాగిన దూలం కొస అప్పటికే చెద తిని ఉంటుంది. రెండు రోజుల ముసురు తరవాత రాత్రిపూట కూలుతుంది. మందం ఎంతుందో గవాచి అంచు దగ్గర కొలిస్తే తెలిసిపోతుంది. ముందు గీకి, అంతే కొత్తది వేయాలి. దూలం కొసను గునపంతో పొడిచి చూడాలి; మెత్తగా దిగితే కింద గుంజ నిలబెట్టి, దూలం మార్చాకే మట్టి సంగతి.

పక్కనే కొత్త ఇళ్లన్నీ నాలుగైదు అంగుళాల స్లాబులు. ఇళ్లకు వర్తించే ఇంధన పొదుపు నియమావళి ఎకో నివాస్ సంహిత (2018) కప్పు యూ విలువ (కప్పు గుండా వేడి ఎంత దూరుతుందో చెప్పే కొలత, తక్కువైతే మేలు) 1.2 దాటకూడదంటుంది, ఒట్టి స్లాబుది దానికి రెండింతల పైనే. స్లాబు మీద వాటర్‌ప్రూఫింగు, ఆపైన అంగుళం నుంచి అంగుళంన్నర ఎక్స్‌పీఎస్ (వేడిని ఆపే గట్టి నురుగు) పలక, దాని మీద వాలు కాంక్రీటు, తెల్ల పలకలు వేస్తే హద్దులోకి వస్తుంది. కింద ఫాల్స్ సీలింగు వేసే వాళ్లకు స్లాబు ఎలాగూ కాగుతుంది, రాత్రంతా కాగుతూనే ఉంటుంది.

ఏడో రోజు: రైల్లో

విజయవాడ మీదుగా విశాఖ దాకా పెద్ద ప్రయాణం. కిటికీ పక్కన కూర్చుంటే కనిపించేవి అపార్ట్‌మెంట్లు. పడమర వైపు జారుడు అద్దాలు, పైన రెండడుగుల సన్‌షేడ్. ఏప్రిల్‌లో సాయంత్రం నాలుగింటికి సూర్యుడు 31 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. రెండడుగుల సన్‌షేడ్ కింద అప్పుడు నీడ పడేది పదిహేను అంగుళాల లోపే. నాలుగడుగుల కిటికీలో మిగతాదంతా ఎండే. పడమటికి అడ్డసజ్జ ఎంత పెంచినా చాలదు. బయటి నుంచి వెదురు తడికో, తిరిగే పట్టీలో, లోతైన బాల్కనీయో కావాలి. పరదా లోపల వేస్తే అప్పటికే వేడి అద్దం దాటి వచ్చేసింది.

రెండో లెక్క గాలిది. తేమ వేడి మండలంలో తెరుచుకునే కిటికీల, బాల్కనీలోకి తెరుచుకునే తలుపుల వైశాల్యం ఇంటి నేలలో కనీసం ఆరో వంతు ఉండాలని అదే సంహిత నియమం. పన్నెండు పది గదికి ఆ పాళ్లలో 20 చదరపు అడుగులు. నాలుగు నాలుగు జారుడు కిటికీ పెడితే 16 చూపిస్తారు, తెరుచుకునేది 8.

ఎనిమిదో రోజు: భీమిలి తీరం

చుట్టిళ్లు ఇప్పుడు వెతికితేనే కనిపిస్తాయి. గుండ్రటి మట్టి గోడ, శంఖాకారపు తాటాకు కప్పు, లోపల అటక, చూరు నడుం ఎత్తు దాకా దిగి ఉంటుంది. గుండ్రటి గోడను గాలి రాసుకుంటూ పక్కకు పోతుంది, మూల దొరకదు. కప్పు వాలు 45 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి పైకి లాగే బలం తక్కువ. తాటాకు రెండు మూడేళ్లకోసారి మార్చాలి, నలుగురు చెయ్యి వేయాలి. ఆ నలుగురూ వలస పోయిన ఊళ్లో ఈ ఇల్లు నిలవదు. నిప్పు భయం ఎటూ ఉంది.

వాటి చోటులోకి వచ్చిన రేకుల ఇళ్ల కథ వేరు. కేరళలో నేర్చిన మూడడుగుల చూరు ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. తుపాను గాలి చూరు కిందికి దూరి పైకి తోస్తుంది, అదే సమయంలో కప్పు పైన గాలి లాగుతుంది. గాలివైపు కిటికీ ఒకటి పగిలిందంటే ఇంటి లోపల కూడా ఒత్తిడి పెరిగి మూడూ కలుస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను కొట్టిన రోజు ఊరంతా రేకులూ అద్దాలూ ఎగిరింది ఇలాగే. భవనాల కోడ్ విశాఖకు మూల గాలివేగం సెకనుకు 50 మీటర్లుగా, తిరువనంతపురానికి 39గా తీసుకుంటుంది. ఒత్తిడి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి తేడా ఒకటిన్నర రెట్ల పైమాటే.

మరి నీడా వాన కాపూ ఎలా? అసలు కప్పు చూరు అడుగున్నర దాటనివ్వరు. వసారాకు విడి కప్పు, విడి దూలాలు, విడి గుంజలు వేసి, గోడకు తేలిగ్గా ఆనిస్తారు. పెద్ద గాలికి వసారా పోతే పోతుంది, ఇంటి కప్పును వెంట తీసుకుపోదు. రెండు వైపులే వాలే కప్పు కంటే నాలుగు వైపులా వాలే కప్పు మేలు, వాలు 22 నుంచి 30 డిగ్రీలు. రేకును వాసానికి పట్టే కొక్కెం ఆకారపు జే బోల్టులు అంచుల్లో, కొప్పు దగ్గర రెట్టింపు దగ్గరగా పడాలి, ఎందుకంటే ఊడడం ఎప్పుడూ అంచు నుంచే మొదలవుతుంది. వాసాన్ని గోడ మీది కాంక్రీటు బ్యాండుకు ఇనుప పట్టీతో, బ్యాండును నిలువు చువ్వలతో పునాదికి కట్టాలి. ఈ గొలుసులో ఒక్క లంకె మేకుతో సరిపెట్టినా కప్పు అక్కడే విడిపోతుంది.

1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన తరవాత తీరమంతా తుపాను షెల్టర్లు వచ్చాయి. కింద స్తంభాలు, పైన హాలు, ముసలివాళ్ల కోసం ర్యాంపు. ఏడాదిలో ఒక్క రోజు కోసం కట్టి తాళం వేసిన చోట కీళ్లు తుప్పు పడతాయి, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఆ రాత్రి తెలియదు. బడో అంగన్‌వాడీయో నడిచే షెల్టరులో తలుపులూ నీళ్ల ట్యాంకూ మరుగుదొడ్లూ పనిచేస్తూ ఉంటాయి. మరుగుదొడ్లు పై అంతస్తులోనే ఉండాలి, కింద పెడితే నీళ్లొచ్చిన పూట అవి ఉన్నా లేనట్టే. ఇక కాంక్రీటు. సముద్రపు గాలి తగిలే చోట చువ్వ మీద కవరు, అంటే చువ్వను కప్పే కాంక్రీటు మందం, 45 మిల్లీమీటర్లు, కాంక్రీటు బలం కనీసం ఎం30 గ్రేడు ఉండాలని కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. సైటు మీద పడేది అలవాటుగా ఇరవై, పాతిక. కొన్నేళ్లకే చువ్వ తుప్పు పట్టి ఉబ్బి, దూలం అడుగున పెచ్చులూడతాయి. పోత రోజున కవర్ బ్లాకుల్ని టేపుతో కొలిచి, సెంట్రింగు మీద మీటరుకొకటి ఉన్నాయో లేదో చూసుకోవాలి. పోశాక చూసేదేమీ ఉండదు.